గన్ను కడిగే వేళ

కాలుష్యం ఆఫీసు వాళ్లు నోటీసు కాగితాన్ని మా షెడ్డు తలుపుకు అంటించి పోయారు. జిగురు ఇంకా ఆరకముందే జనార్దన్ సేటు వచ్చాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కాగితాన్ని ఒకసారి మనసులో చదువుకున్నాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

"థిన్నర్ వాసన చుట్టుపక్కల ఇండ్లల్లకు పోతున్నదట. ముప్పై దినాలల్ల వాసనన్న బంద్ కావాలె, పాలిష్ పనన్న బంద్ కావాలె. మళ్ల వచ్చి చూస్తరట."

గాలి నిండిన కంప్రెసర్ దానంతట అదే ఆగింది.

మా షెడ్డు నాంపల్లి స్టేషన్ రోడ్డుకు వెనక, రెండు సందులు లోపలికి ఉంటుంది. ముందు భాగంలో వడ్రంగులు అల్మారాలు, వంటింటి కప్‌బోర్డులు చేస్తారు. వెనక గదిలో మేము వాటికి పాలిష్ పెడతాం. తయారైన సరుకు ఆబిడ్స్‌లోని సేటు షోరూముకు పోతుంది. పాలిష్ గదిలో ముగ్గురం. నేను వెంకటనర్సయ్యను, మేస్త్రీని. ఇరవై రెండేళ్లుగా ఈ గదిలోనే ఉన్నాను. రత్నాకర్ పాలిష్‌లో థిన్నర్ కలిపి పలుచన చేసి, స్ప్రే గన్నుతో కొడతాడు. భాగ్య గరుకు కాగితంతో చెక్కను నునుపు చేస్తుంది. ఆ పనిని మేం పేపరు కొట్టడం అంటాం.

"నా దిమాక్‌ల ఒకటే ఉన్నది," అన్నాడు సేటు. "వడ్రంగం ఈడనే ఉంటది. పాలిష్‌కు మాత్రం మేడ్చల్ దిక్కు ఒక ఫ్యాక్టరీ ఉన్నది, గాళ్లకిస్త. గాళ్లకు మిషన్లున్నయ్."

"మరి మేము?" అంది భాగ్య.

"నీకేం ఫికర్ భాగ్యా. యాడనన్న పేపరు కొడ్తవ్."

రత్నాకర్ సంగతి కూడా ఏదో చెప్పాడు. నా వైపు మాత్రం చూడలేదు. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఉన్న చేతి పని మేస్త్రీని మిషన్లున్న ఫ్యాక్టరీ పిలవదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తిరిగి పోదామంటే జనగామ అవతల మా ఊళ్లో నాకు గుంట భూమి లేదు. ఈ గది పోతే నా పని పోయినట్టే.

"ముప్పై దినాలున్నయి గద సేటు," అన్నాను.

"ఉంటే?"

"గా ముప్పై దినాలు ఆగుండ్రి."

ఆయన కాగితాన్ని ఊడదీసి మడతపెట్టి జేబులో వేసుకున్నాడు. "వాసన రాకుంట పాలిష్ ఎట్ల పెడ్తవ్ నర్సయ్యా? ఉల్లిగడ్డ కోస్కుంట ఏడ్వకుంటుంటవా?"

"చూస్త," అన్నాను. ఏం చూడాలో అప్పటికి నాకూ తెలియదు.

*

ఫిర్యాదు రాసింది నళిని టీచరమ్మ అని సందులో అందరికీ తెలుసు. మా వెనక గోడను ఆనుకునే ఆమె ఇల్లు. రిటైరైన తర్వాత మేడ మీద పిల్లలకు లెక్కలు చెబుతుంది. మరుసటి రోజు పొద్దున నేను చొక్కా మార్చుకుంటుంటే రత్నాకర్ అడిగాడు.

"ఆమె కాళ్లు పట్టుకుంటందుకు పోతున్నవా నర్సన్నా?"

"ఏం రాసిందో చూసొస్త."

"రాసింది నోటీసుల ఉన్నది గద."

"నోటీసుల ఆఫీసోళ్లు రాసింది ఉన్నది. ఆమె రాసింది లేదు."

టీచరమ్మ తలుపు సగమే తెరిచింది. "కొట్లాటకు వచ్చినవా?"

"లేదమ్మా. వాసన ఎప్పుడెప్పుడు వస్తదో అడుగుదామని."

హోంవర్కు చేయని పిల్లవాడు చెప్పే సాకు వింటున్నట్టు నన్ను కాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి ఒక నోటు పుస్తకం తెచ్చింది. రెండు నెలల రాత. తారీఖు, టైము, పక్కన గీతలు. ఒక గీత అంటే వాసన తెలుస్తున్నదని. రెండు గీతలంటే తల నొస్తున్నదని. మూడు గీతలంటే కిటికీలు మూసి పిల్లల్ని ఇళ్లకు పంపిన రోజు.

"చదువొచ్చునా?"

"ఏడు దాక చదివిన. మెల్లగ చదువుత."

"మెల్లగనే చదువు. నేనేం పరీక్ష పెడ్తలేను."

గుమ్మం దగ్గరే నిలబడి చదివాను. పొద్దున పదింటికి ఒక గీత. మధ్యాహ్నం ఒకటి, లేదంటే అసలే లేదు. సాయంత్రం ఐదున్నరకు మూడు గీతలు. మరుసటి రోజు ఐదూ నలభైకి మూడు. పేజీ తిప్పినా అదే టైము, అవే మూడు గీతలు. నాకు అర్థం కాలేదు. రత్నాకర్ పాలిష్ కొట్టేది పదకొండు నుంచి నాలుగున్నర వరకు. అప్పుడు వాసనను పెద్ద ఫ్యాను వీధి వైపు లాగేస్తుంది. ఐదింటికి ఫ్యాను ఆపేస్తాం. ఐదున్నరకు మా గదిలో పాలిష్ పనే ఉండదు.

పుస్తకం మూశాను. అప్పుడు తట్టింది.

"ఐదున్నరకు గన్ను కడుగుతం అమ్మా."

"ఎట్ల కడుగుతరు?"

చెప్పాను. గన్ను లోపల పాలిష్ ఎండితే మర్నాటికి అది పనికిరాదు. అందుకని గన్ను గిన్నెలో అర లీటరు థిన్నర్ పోసి, వెనక కిటికీ తెరిచి, గిన్నె ఖాళీ అయ్యేదాకా బయటికి కొడతాం. మళ్లీ పోసి మళ్లీ కొడతాం. నా ఉస్తాద్ అట్లాగే చేసేవాడు. నేను రత్నాకర్‌కు అట్లాగే నేర్పాను. వెనక కిటికీ అంటే టీచరమ్మ మేడకు సరిగ్గా కింద.

ఆమె తల ఎత్తి తన మేడ వైపు చూసింది. "అంటే రోజూ పొద్దుగూకే ముందట మా పిల్లల మొఖాల మీద కొడుతున్నరు."

"ఔ," అన్నాను.

"ఇంకొకటి అడుగుత. ఒక డబ్బా తెస్తరు గద. దాంట్ల చెక్క మీద ఉండేదెంత, గాలిల పోయేదెంత?"

"ఎన్నడు చూడలే."

"ఇరవై రెండేండ్లల్లనా?"

"ఎవలు అడగలే."

"నేను అడుగుతున్న," అని తలుపు వేసుకుంది.

*

పక్క సందులో పాత ఇనుము కొనే మల్లయ్యకు కరెంటు తరాజు ఉంది. ఒక వారానికి ఇమ్మని అడిగాను.

"ఏం తూస్తవ్?"

"పాలిష్. తూకం సరిగుంటదా?"

"నేను కొన్నప్పుడు ఒక తీరు ఉంటది, అమ్మినప్పుడు ఒక తీరు ఉంటది. నీకు ఏ తీరు కావాలె?"

"ఉన్నది ఉన్నట్టు చూపెట్టేది."

"గట్ల ఎవ్వలు వాడలే ఇంతవరకు," అని నవ్వి, తరాజు వెనక ఒక మర తిప్పి ఇచ్చాడు.

ఆ వారమంతా తూచాం. పొద్దున డబ్బాలు, సాయంత్రం డబ్బాలు. ప్రతి అల్మారా తలుపును పాలిష్‌కు ముందు ఒకసారి, పాలిష్ ఆరిన తర్వాత ఒకసారి. భాగ్య పది పాసైంది కాబట్టి రాసే పని ఆమెది. పేపరు కొట్టినప్పుడు రాలిన పొడిని కూడా ఊడ్చి తూచింది. శనివారం సాయంత్రం కూడికలు చేసి, తప్పు పోయిందేమోనని మళ్లీ చేసింది.

డబ్బాల్లోంచి పోయింది అరవై నాలుగు కిలోలు. చెక్కకు అంటుకున్నది తొమ్మిది. కొంత గోడల మీద, నేల మీద పొడిగా రాలింది. మిగిలిందంతా గాలిలోకి పోయింది. అందులో పద్నాలుగు కిలోలు అసలు గన్నుతో చెక్క మీద కొట్టినవే కావు. గన్ను కడిగినవి, మూత లేని డబ్బా లోంచి, తుడిచి పడేసిన గుడ్డల్లోంచి ఆవిరైనవి.

రత్నాకర్ అంకెల వంక చాలాసేపు చూశాడు. "అంటే అన్నా, ఇన్నేండ్ల సంది మనం నాంపల్లి గాలికి పాలిష్ పెడ్తున్నమన్నట్టు."

"రెండో కోటు పడలే. గందుకే మెరుస్తలేదు," అంది భాగ్య.

నాకు నవ్వు రాలేదు. ఒకటి మాత్రం తేలింది. ఆ పద్నాలుగు కిలోలు ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సోమవారం పొద్దున డబ్బాకు నల్లా బిగించాను. మూత తీయకుండానే కావలసినంత పట్టుకోవచ్చు. గుడ్డలకు మూతున్న ఇనుప డబ్బా పెట్టాను. వెనక కిటికీకి మేకులు కొట్టాను.

"గన్ను?" అన్నాడు రత్నాకర్.

"ఊడదీసి, గిన్నెల పెట్టి, బ్రష్షుతోని కడుగు. మురికి థిన్నర్ పారబొయ్యకు. రాత్రికి మడ్డి అడుగుకు దిగుతది. మీది తేట మళ్ల కడిగెటందుకు పనికొస్తది."

"గన్ను నోట్లకెళ్లి కొడ్తెనే సాఫైతదన్నా. నేను గిన్నెలు తోమెటోన్నా?"

"ఇంట్ల తోమవా?" అంది భాగ్య.

"ఇంట్ల తోముత. ఈడ జర ఇజ్జత్ ఉంటది."

గొణుక్కుంటూనే కడిగాడు. మొదటి రోజు ముప్పావు గంట పట్టింది. నాలుగో రోజుకు పది నిమిషాల్లో అయిపోయింది. ఆ మాట మాత్రం తాను ఒప్పుకోలేదు.

వారం తర్వాత టీచరమ్మ దగ్గరికి పోయాను. పుస్తకం చూపించింది. మూడు గీతలు ఎక్కడా లేవు. అక్కడక్కడ ఒక్కో గీత ఉంది. అది మధ్యాహ్నం వేళ, పాలిష్ కొట్టేటప్పుడు.

"తగ్గింది," అంది. "పోలేదు. ఆఫీసాయనొచ్చి అడిగితే గిదే చెప్త."

"గదే చెప్పుండ్రి అమ్మా."

ఇంకా పదిహేను రోజులున్నాయి.

*

మిగిలిన దారి నీళ్ల పాలిష్ ఒక్కటే. అందులో థిన్నర్ ఉండదు, నీళ్లే ఉంటాయి. గన్ను కొట్టినా గాలిలోకి పోయేది చాలావరకు నీటి ఆవిరే. సేటు రెండేళ్ల కింద ఒకసారి తెప్పించాడు. ఒక్క తలుపుకు కొట్టి మానేశాం. మిగిలిన డబ్బాలు మూలన పడి ఉన్నాయి. నేను ఆ మాట ఎత్తగానే సేటు చేయి అడ్డంగా ఊపాడు.

"మర్చిపోయినవా? కుక్క ఈపు మీద బొచ్చు లేచినట్టు లేచింది చెక్క."

"యాదికున్నది. హిమాయత్‌నగర్ వంటింటి తలుపులు పన్నెండు ఉన్నయి గద. గవ్విటికి కొత్త డబ్బాలు తెప్పియ్యిండ్రి."

"ఐతారం నాడు గృహప్రవేశం గాళ్లది. పాడైతే?"

"పాడైతే మేడ్చల్ బండిల సరుకు నేనే ఎక్కిస్త."

ఆయన నా ముఖం చూశాడు. నేనెప్పుడూ అన్ని మాటలు మాట్లాడిన వాణ్ని కాను. ఆ సాయంత్రానికే డబ్బాలు వచ్చాయి.

ఆ రోజంతా నేను ఒక చెక్క ముక్కను ముందు పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లు తగిలితే పీచు లేస్తుంది. అందుకే పాలిష్ మేస్త్రీలందరికీ నీళ్లంటే భయం. కానీ నీళ్లు తగలని కట్టె ఎక్కడుంది? మా ఊళ్లో గొడ్డలికి కొత్త కామ వేసినప్పుడు మొదటి రోజు అరచేతి చెమటకు పీచు లేచి బొబ్బలెక్కేవి. అందుకని మా నాయిన కామను చెక్కగానే నీళ్లలో ముంచి నీడకు ఆరబెట్టేవాడు. లేచిన పీచును గాజు పెంకుతో గీకేవాడు. మళ్లీ ముంచి, మళ్లీ గీకేవాడు. మూడోసారి ముంచినా ఆ కట్టె కదిలేది కాదు. లేచే పీచంతా లేచి తెగిపోయి ఉండేది.

మేం రెండేళ్ల కింద చేసిన తప్పు అదే. పాలిష్ కింద పీచు లేచింది. పాలిష్ కన్నా ముందే దాన్ని లేపి తీసేయాలి.

భాగ్యకు చెప్పాను. తడి గుడ్డ పిండి ఒక తలుపంతా తుడిచింది. ఆరిన తర్వాత అరచేయి పెట్టి చూసింది. "గడ్డం గీయనట్టున్నది," అంది. అరిగిపోయిన సన్న పేపరు తీసుకుని, బరువు వేయకుండా, చెక్క గీతల వెంట పోనిచ్చింది. ఆ తలుపులకు పైన ఉన్న టేకు పొర పెళుసు, పలుచన. రెండుసార్లు గట్టిగా రుద్దితే లోపలి ప్లైవుడ్ బయటపడుతుంది. ఆ పని నేను చేసినా చెడగొట్టేవాణ్ని. ఆమె చేతికి ఎక్కడ ఆగాలో తెలుసు. రెండోసారి తడిపి, ఆరనిచ్చి, మళ్లీ కొట్టింది. మూడోసారి తడిపితే చెక్క నిమ్మళంగా ఉండిపోయింది.

బుధవారం మధ్యాహ్నం రత్నాకర్ మొదటి ఆరు తలుపులకు నీళ్ల పాలిష్ కొట్టాడు. నేను మల్లయ్య తరాజు తిరిగి ఇచ్చి, ఆయన మాటల నుంచి తప్పించుకుని వచ్చేసరికి గంట పట్టింది. వచ్చేసరికి తలుపుల మీద ఇసుక చల్లినట్టు ఉంది. సన్న గింజలు, నిండా. రత్నాకర్ గన్నును విదిలిస్తున్నాడు. గన్ను ముక్కు మూసుకుపోయింది.

గన్ను గిన్నె మూత తీసి చూశాను. పాలు విరిగినట్టు గడ్డలు గడ్డలుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వాసన నాకు ఇరవై రెండేళ్లుగా తెలిసినదే.

"ముందుగాల గన్నుల థిన్నర్ పోసినవా?"

"జరంత తిప్పిన. సాఫ్ కావాలె గద," అన్నాడు. అంటూనే ఆగిపోయాడు.

కొత్త పని మొదలుపెట్టే ముందు గన్నులో గుక్కెడు థిన్నర్ పోసి తిప్పడం పాలిష్ చేసే ప్రతివాడి చేతికీ అలవాటు. పొద్దున లేచి నోరు పుక్కిలించినట్టు. వద్దని చెప్పాలన్న ఆలోచన నాకే రాలేదు. గన్ను నా చేతిలో ఉంటే నేనూ తిప్పేవాణ్ని.

*

సరిగ్గా అప్పుడే సేటు వచ్చాడు. తలుపు మీద వేలు పెట్టి రాశాడు. వేలు చూసుకున్నాడు.

"అయిపోయింది," అన్నాడు. "గీకేసి పాత పాలిష్ కొట్టుండ్రి. డబ్బా తెరువు రత్నాకర్. ఐతారం నాడు పాలు పొంగిచ్చేటోళ్ల ఇంటికి గీ ఇసుక తలుపులు పంపాల్నా?"

నేను పోయి థిన్నర్ డబ్బా ముందు నిలబడ్డాను.

"మూడు దినాలియ్యిండ్రి సేటు."

"నర్సయ్యా, మాలిక్‌ను నేను."

"ఔ. మీరే మాలిక్. డబ్బా మాత్రం నేను తెరువ."

ఇరవై రెండేళ్లలో ఆయనతో నేను అట్లాంటి మాట అనలేదు. ఆయనకు కోపం కన్నా ముందు వింత కలిగింది. ఆ తర్వాత కోపం వచ్చింది. "నువ్వు తెరువకుంటే ఇంకొకలు తెరుస్తరు," అని రత్నాకర్ వైపు చూశాడు.

రత్నాకర్ గన్నును బల్ల మీద పెట్టాడు. "గలతీ నాది సేటు. గన్నుల థిన్నర్ తిప్పింది నేను. దానికి దీనికి పడలే, విరిగిపోయింది. పాలిష్‌ది తప్పు లేదు, చెక్కది తప్పు లేదు."

"నీది తప్పైతే నేనేం చేయాలె? ఇంటాయనకు నీ ఫోటో పంపాల్నా?"

"ఫోటో బాగుండదు సేటు. తలుపులే పంపుదం."

భాగ్య అప్పటికే ఒక తలుపును బల్ల మీద పడుకోబెట్టి గింజలు తీయడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు. సేటు ఆమె చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"శనివారం పొద్దుగాల వస్త," అన్నాడు. "అప్పటికి గూడ గిట్లనే ఉంటే..." మాట పూర్తి చేయకుండానే పోయాడు.

రత్నాకర్ కోఠి దాకా పోయి థిన్నర్ ముఖం చూడని కొత్త గన్ను తెచ్చాడు. దాని పిడికి ఒక నీలం గుడ్డ కట్టాడు. "గీ నీలం గుడ్డదాంట్ల నీళ్లు తప్ప ఏది పోసినా చేయి ఇరుగుతది," అని ప్రకటించాడు. పోసేవాడు తనొక్కడే కాబట్టి అది తనకు తాను చెప్పుకున్నట్టే.

ఆరు తలుపుల గింజలు తీయడానికి గురువారం మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ రోజే ముసురు పట్టింది. వానాకాలంలో మేం పాలిష్ కొడితే గది తలుపులన్నీ బిగిస్తాం. తడి గాలి తగిలితే పాత పాలిష్ తెల్లబారుతుంది. పన్నెండింటికీ మొదటి కోటు కొట్టి, అలవాటు ప్రకారం గదిని బిగించాం. రెండు గంటలైనా పాలిష్ వేలికి అంటుకుంటూనే ఉంది. ఇంకో గంట చూశాను. తడి చీర మూసిన పెట్టెలో ఎట్లా ఆరుతుంది? దానికి గాలి ఆడాలి.

"తలుపులు తెరువుండ్రి. రెండు ఫ్యాన్లు పెట్టుండ్రి, గోడ దిక్కు," అన్నాను.

"దుమ్ము పడ్తదన్నా," అన్నాడు రత్నాకర్.

"వానల దుమ్మెక్కడిది?" అంది భాగ్య.

రెండు గంటల్లో ఆరింది. శుక్రవారం పన్నెండు తలుపులకూ రెండో కోటు పడింది, సాయంత్రానికి మూడోది కూడా. శనివారం పొద్దున సేటు వచ్చి ఒక్కో తలుపును వెలుతురుకు ఎత్తి చూశాడు. అరచేత్తో నిమిరాడు. దగ్గరికి వంగి వాసన చూశాడు.

"మెరుపు జర తక్కువున్నది."

"ఔ. జర తక్కువనే ఉన్నది," అన్నాను. ఉన్నమాట అది.

బండి పిలిచాడు. సోమవారం హిమాయత్‌నగర్ ఆయన ఫోన్ చేశాడని చెప్పినప్పుడు మాత్రం సేటు ముఖం ఎట్లా పెట్టాలో తెలియని మనిషిలా ఉన్నాడు.

"మెరుపు గురించి అడగలే నర్సయ్యా. కొత్త సామాను వాసనే వస్తలేదు, అసలు పాలిష్ పెట్టిన్రా లేదా అని అడిగిండు."

రత్నాకర్ నీలం గుడ్డ గన్నును ఎత్తి సేటుకు సలాం కొట్టించాడు.

*

ముప్పయ్యో రోజున ఆఫీసు నుంచి శ్రీపతి సార్ వచ్చాడు. చేతిలో చిన్న మిషను. ముందు సందులో, తర్వాత గదిలో, చివరికి వెనక గోడ దగ్గర పెట్టి చూశాడు. పని ఆపొద్దన్నాడు. రత్నాకర్ కొడుతూనే ఉన్నాడు. అంకెలు రాసుకుని, పోయినసారి అంకెలతో పోల్చుకుని, టీచరమ్మను పిలిపించాడు. ఆమె పుస్తకంతోనే దిగి వచ్చింది.

"పన్నెండు రోజుల నుంచి గీత పెట్టే పని పడలేదు," అంది. "మొన్న బుధవారం తప్ప. మూడింటికి రెండు గీతలు. అదేందో వీళ్లనే అడగండి."

సేటు నా వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పమన్నట్టుగా కళ్లు కదిపాడు.

"గుడ్డల డబ్బాకు మూత పెట్టుడు మర్చిపోయిన సార్," అన్నాను. "నేనే."

"అంటే థిన్నర్ ఇంకా వాడుతున్నరా?"

"వాడుతున్నం. నల్ల రంగు వేసే సామానుకు నీళ్ల పాలిష్ నాకింక చేతకాలే. పైన తెల్లటి పొర కనపడుతున్నది. గా పని ఒక్కదానికే పాతది వాడుతున్నం. ముందట వారానికి అరవై నాలుగు కిలోలు పోయేది. ఇప్పుడు పదకొండు."

"ఎవరు తూచిండ్రు?"

"మేమే. పోయిన వారం తరాజు మళ్ల తెచ్చుకున్నం." భాగ్య రాసిన కాగితాలు ఇచ్చాను. ఆయన నిలబడి అన్నీ చదివాడు. ఒకచోట ఆగి, "ఊడ్చిన పొడి కూడా తూచిండ్రా?" అని అడిగాడు.

"అది గూడ చెక్క మీద పడ్డదే గద సార్," అంది భాగ్య.

శ్రీపతి సార్ సంచిలోంచి ఒక ఫారం తీశాడు. మూడు నెలల గడువు రాశాడు. ప్రతి వారం తూకం ఆఫీసుకు పంపాలి. నల్ల రంగు పనికి కూడా దారి చూడాలి. మూడు నెలలకు మళ్లీ వస్తాడు. అప్పుడు కుదరకపోతే నోటీసు ఉండదు, నేరుగా తాళమే.

"కింద పాలిష్ గదికి జవాబుదారీ మనిషి పేరు కావాలె," అన్నాడు.

"రాయుండ్రి సార్, జనార్దన్," అన్నాడు సేటు.

"మీరు ఆబిడ్స్‌లో ఉంటరు కదా. రోజంతా ఈ గదిలో ఉండేవాళ్ల పేరు కావాలె. తప్పైతే ముందు వాళ్లనే అడుగుత."

సేటు కాసేపు ఆలోచించాడు. ఆ మూడు నెలలూ ఇక్కడ నేను ఉండాలా, మేడ్చల్ బండి రావాలా అన్నది ఫారం కింద ఆ పేరు రాసే గీత మీద తేలుతుందని ఆయనకూ తెలుసు. పెన్ను తీసి నాకు ఇచ్చాడు.

"రాయి నర్సయ్యా. మేడ్చల్ ఆయనకు వద్దని నేను ఫోన్ చేసి చెప్త."

బల్ల మీద కాగితం పెట్టుకుని రాశాను. నా పేరు పొడుగు. సందు పొడుగునా ఎవరూ పూర్తిగా పిలవరు. తొందరపడకుండా ఇంటిపేరుతో సహా మొత్తం రాశాను. టీచరమ్మ పక్కనే నిలబడి చూసింది. తర్వాత ఆమె కూడా సంతకం చేసింది.

"పుస్తకం మాత్రం బంద్ చెయ్య," అంది.

"చెయ్యకుండ్రి అమ్మా."

వాళ్లంతా పోయాక గదిలో మేం ముగ్గురమే మిగిలాం. షోరూముకు పోవలసిన నల్ల అల్మారా గోడ పక్కన నిలబడి ఉంది. రంగు వేసి ఉంది, పాలిష్ ఇంకా పడలేదు. రత్నాకర్ చేతులు రెండూ నడుము మీద పెట్టుకుని దాన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"దీనికి ఏ గన్నన్నా?"

"నీలం గుడ్డది."

"తెల్ల పొర వస్తది గద."

"వస్తది. ఎందుకొస్తదో చూడాలె. మందం ఎక్కువైతున్నదా, రంగుకు పడ్తలేదా," అన్నాను. "ముందుగాల ఎనక పలక ఊడదియ్యి. గా పలక ఎవ్వలకు కనపడది. ఖరాబైనా దాని మీదనే కానీ."

భాగ్య స్క్రూడ్రైవర్ తెచ్చింది. రత్నాకర్ అల్మారాను వంచి పట్టుకున్నాడు. నేను మొదటి మర తిప్పాను.